గ్రామారోగ్యమునందు విద్యార్థుల పాలు



పూర్వులనుండి సంక్రమించిన భూసంపదను తనవారికి మిగుల్చుకొనక, తండ్రి బాపిరాజుగారి పేర ధర్మసంస్థను నెలకొల్పి, ఈ గణపవరము నిడమర్రు ప్రాంతములలో ఊరూర విద్యాలయములు వెలయునట్లు చేసిన చింతలపాటి మూర్తిరాజుగారి స్మృతికి అంకితమైన ఈ ప్రసంగమునకు ఆయన దానశీలమునే విషయముగా గ్రహించుట సులభమైన పని. కాని దాతను పొగడుట దాతకు కొరగాదు. గాంధీమార్గమును జీవితాంతము విడువని ఆ మహనీయుడు, దానము పుచ్చుకొన్నవారు దానితో నేమి చేయుచున్నారను ప్రశ్నకే ఎక్కువ సంతోషించియుండునని తలచి, ఆ ప్రశ్నలో నాకు తెలిసిన యొక్క భాగమును మాత్రము, అనగా ఊరి యారోగ్యముతో కళాశాలకు గల సంబంధమును, నేడు విచారింపదలచితిని.

వ్యాధి శరీరములో కనబడును. దాని వేళ్ళు మాత్రము శరీరములో నుండనక్కరలేదు. 1848లో ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫసు జ్వరము చెలరేగగా, దానిని పరీక్షించి రమ్మని ప్రష్యా ప్రభుత్వము పంపిన రుడాల్ఫ్ విర్కో అను ఇరువదియారేండ్ల వైద్యుడు, మందుల పట్టికతో గాక, ఆ ప్రజలకు చదువును స్వపరిపాలనమును రహదారులును కావలెనను నివేదికతో తిరిగివచ్చి, పంపినవారికి కోపము తెప్పించెను. నూటయరువదియేండ్ల తరువాత, ప్రపంచారోగ్యసంస్థ మైకేల్ మార్మట్ అధ్యక్షతన నియమించిన సంఘము 2008లో వెలువరించిన నివేదికయు, మనుష్యుడు పుట్టి పెరిగి పనిచేసి ముసలివాడగు పరిస్థితులే అతని యారోగ్యమును నిర్ణయించునని విస్తరించి చెప్పినది. ఈ సత్యమును గ్రహించుటకు మనము సైలీషియాదాక పోనక్కరలేదు. మన దాపుననున్న భీమవరము చాలును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి యన్నదమ్ములిద్దరు, గ్రహణివలె పేగులను క్షీణింపజేయు స్ప్రూ అను వ్యాధిచే, ఒకరివెంట నొకరు మరణించిరి. ఆ వ్యాధియే తన్నును పట్టుకొనగా, ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేదచికిత్సచే బ్రతికి బయటపడి, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన పాపమునకు పూర్తి పట్టమునకు మారుగా తక్కువ పట్టముతో సరిపెట్టుకొని, 1923లో అమెరికాకు పోయి, తుదకు లెడర్లే ప్రయోగశాలలలో ఆయన నడిపించిన పరిశోధకబృందము రెండు మందులను లోకమున కిచ్చినది. ఒకటి తన సోదరులను గొనిపోయిన వ్యాధికి సంబంధించిన ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. రెండవది 1947లో హెట్రజాన్ అను పేర వెలువడిన డైఇథైల్ కార్బమజీను; అది బోదకాలు వ్యాధికి మందు. మరుసటి సంవత్సరమే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి.

ఇప్పుడు ఆలోచింపుడు. బోదకాలు మందును కనిపెట్టించినవాడు ఏ గోదావరి డెల్టాలో పుట్టెనో, ఆ డెల్టాలోనే ఆ మందు వచ్చిన తరువాత అర్ధశతాబ్దము దాటినను బోదకాలు తిరుగుచుండెను. మన యూళ్ళలో పెద్దవారు, గజ్జలో బిళ్ళ కట్టి చలిజ్వరము వచ్చినదనగానే, అది యే జ్వరమో వైద్యునికంటె ముందుగా చెప్పగలిగియుండిరి. మందు సముద్రములు దాటి వచ్చినది. ఊరి మధ్యనున్న మురుగుకాలువను మాత్రము దాటలేకపోయినది. దోమద్వారా ఈ వ్యాధి వ్యాపించునని పాట్రిక్ మేన్సన్ 1877లోనే చైనాలో గుర్తించినందున, దీనికి అజ్ఞానము కారణమని చెప్ప వీలులేదు. కాటన్ దొరగారి యానకట్ట 1852లో పూర్తియైన నాటినుండి పొలమునకు నీరు తెచ్చు కాలువ మనకు దేవత. ఆ నీటిని కడలికి గొనిపోవలసిన డ్రెయినో, ఎవరికిని పట్టని యనాథ. వాలు తక్కువయైన ఈ నేలమీద, తూడును గుర్రపుడెక్కయు పట్టి, వీధినీరు చేరి నిలిచిపోయిన డ్రెయినులలో క్యూలెక్సు దోమ హాయిగా గ్రుడ్లు పెట్టుకొనును. ఆ డ్రెయిను గట్టుమీదనే, వేరెక్కడను జాగా దొరకనివారు, ఇండ్లు వేసికొందురు. కాలు వాచిన స్త్రీ నాట్లకు పోజాలదు; ఆమె కూలి పోవును; ఆమె కూతురికి సంబంధము కుదురుట కష్టమగును. ఇందులో క్రిమి చేసినదెంత, కాలువ చేసినదెంత, పేదరికము చేసినదెంత అని విడదీయగల త్రాసు వైద్యశాస్త్రమునకు లేదు.

2004 నుండి ప్రభుత్వము, వ్యాధి యున్నవారికిని లేనివారికిని గూడ ఏటేట మాత్రలు మ్రింగించు పద్ధతిని దేశమున చేపట్టినది. పద్ధతి మంచిదే. మ్రింగవలసిన జనములో అత్యధికులు కొన్నియేండ్లు వరుసగా మ్రింగినచో వ్యాధివ్యాప్తి ఆగిపోవును. కాని 2002 నాటి జాతీయారోగ్యవిధానము 2015కు ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని వ్రాసికొనగా, ఆ గడువు జరిగి జరిగి 2027కు వచ్చినది. ఏల? మాత్ర చేతికి అందినది గాని నోటిలోనికి పోలేదు. పంచినవారు తమ పుస్తకములో 'ఇచ్చితిమి' అని వ్రాసికొనిరి. పుచ్చుకొన్నవారు దానిని గూటిలో పెట్టిరి. రోగము లేనివానికి మందేల యను సందేహము, పొరుగింటివానికి నిరుడు తల తిరిగినదను వార్త, ఉదయము పనికి పోవు తొందర, ఇవన్నియు మాత్రకును నోటికిని మధ్య నిలిచినవి. ఈ మధ్యనున్న దూరమును కొలువగలవాడు జిల్లాకేంద్రమునుండి జీపులో వచ్చు అధికారి కాడు. ఆ వీధిలోనే పుట్టి, ఆ యింటి ముసలమ్మను 'మామ్మా' యని పిలిచి, ఎదుట కూర్చుండి మ్రింగించి, తల తిరిగినయెడల సాయంకాలము మరల వచ్చి చూచిపోగల పద్దెనిమిదేండ్ల డిగ్రీ విద్యార్థిని యామె.

అందుచేతనే విద్యార్థుల పని ఉపకారమని నేను తలపను. వారు ఊరికి బయటివారు కారు. ఈ కళాశాలలో చదువువారిలో అధికభాగము, ఏ ఇండ్ల సంగతి మనము చెప్పుకొనుచున్నామో ఆ యిండ్లనుండియే వచ్చుచున్నారు.

ఈ ప్రాంతమున మరియొక జనసమూహము కలదు. ఏ పట్టికలోను సరిగా చేరని జనము. కొల్లేటి యంచునుండి మన యూళ్ళవరకు వరిచేలు చేపలచెరువులైన తరువాత, ఆ చెరువుగట్లమీద గుడిసెలు వేసికొని, పగలు మేత వేయుచు రాత్రులు కాపలా కాయుచు నుండు కుటుంబములు వెలసినవి. వారిలో అనేకుల రేషనుకార్డు ఎక్కడనో సొంతయూరిలో నుండును, ఓటును అక్కడనే. ఊరిలోని ఆశా కార్యకర్త తన యిండ్ల వరుసను లెక్కించుకొనునప్పుడు, మైలుదూరమున నీటిమధ్యనున్న ఆ గుడిసె ఆమె వరుసలోనికి రాకపోవుట ఆమె తప్పు కాదు. అక్కడి బిడ్డకు టీకా యెవరు వేయవలెను? అక్కడి గర్భిణికి, సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లము కలిసిన ఇనుపమాత్ర యెవరు చేర్చవలెను? వారు త్రాగు నీరేది? చుట్టును కనుచూపుమేర నీరేయైనను త్రాగుటకు చుక్క లేక, ఊరిలోనికి వచ్చి ప్లాస్టికు టిన్నుతో నీరు కొనిపోవుదురు. ఒక్కొక్క విద్యార్థి తన యూరి పొలిమేరలోని చెరువుగట్లన్నియు నడిచి, పట్టికలలో లేని యిండ్లను వ్రాసికొనివచ్చినయెడల, అది పదిసభలలోని ఉపన్యాసములకంటె మిన్న. ఈ యుపన్యాసమును గూడ అందులో కలిపియే చెప్పుచున్నాను.

విద్యార్థులు ఊరివారితో కలిసి పనిచేసినచో నేమి జరుగుననుటకు మన తెలుగుదేశముననే ఒక దృష్టాంతము కలదు. అది వైద్యులు చేసిన పని కాదు గనుక, ఆరోగ్యచరిత్రలో దానిని ఎవరును వ్రాయరు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సాగిన యక్షరాస్యతోద్యమమున, విద్యార్థులును చదువుకొన్న యువతీయువకులును స్వచ్ఛందముగా బోధకులై, పగలెల్ల కూలిపని చేసి వచ్చిన స్త్రీలకు రాత్రిపూట దీపపు వెలుగున అక్షరములు దిద్దించిరి. వారి వాచకములో సారా వలన చితికిపోయిన యొక కుటుంబముయొక్క కథ యుండెను. చదువుచు చదువుచు ఆ స్త్రీలు అది తమ కథయేనని గ్రహించిరి. దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారాకొట్టు మూయించిరి; ఆ వార్త ఊరునుండి ఊరికి ప్రాకి జిల్లా యంతట నిండినది; తుదకు 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. ఆ నిషేధము తరువాత నెన్ని వంకరలు పోయినదో మీరెరుగుదురు. ఆ చర్చ వేరు. నేను మీ దృష్టికి తేదలచినది ఇది: ఆ బోధకులు సారాకొట్టు మూయుడని చెప్పలేదు. వారు అక్షరములు నేర్పిరి, ప్రశ్న లేవనెత్తిరి, అటుపైన ప్రతిరాత్రియు వచ్చి కూర్చుండిరి. నిర్ణయము స్త్రీలది. కాలేయవ్యాధియు, భార్యను కొట్టుటయు, బిడ్డలకు కూడు లేకపోవుటయు, ఈ మూడింటిని ఒక్కచోట పట్టుకొనగలిగినది, ఆ రాత్రిబడిలో కూర్చున్నవారేగాని ఏ యాసుపత్రియు కాదు.

మన విద్యావిధానము ఈ సంగతి యెరుగకపోలేదు. 1946లో భోర్ సంఘము, వైద్యుడు సమాజమును గూడ చదువుకొనవలెనని చెప్పినది. 1969 సెప్టెంబరు 24న జాతీయసేవాపథకము పుట్టినది. అదే యేట సుశీలా నయ్యర్‌గారు సేవాగ్రామమున స్థాపించిన వైద్యకళాశాలలో, ఒక్కొక్క తరగతివారును ఒక్కొక్క గ్రామమును దత్తత గొని, మొదటి సంవత్సరమున పదునైదు దినములు ఆ యూరనే కాపురముండి, ఒక్కొక్కరు కొన్ని కుటుంబముల మంచిచెడ్డలు చూచుకొను సంప్రదాయము నేటికిని నడచుచున్నది. ఆ పద్ధతికి దగ్గరగానే, జాతీయవైద్యసంఘము 2021-22లో చేరిన విద్యార్థులనుండి ఆరంభించి, దేశములోని వైద్యవిద్యార్థులందరికిని కుటుంబదత్తతను విధించినది. ఏలూరులో ఆశ్రం వైద్యకళాశాలయు, 2023లో వెలసిన ప్రభుత్వ వైద్యకళాశాలయు నున్నవి. కావున కొల్లేటిసీమ గ్రామములకు వైద్యవిద్యార్థులు రాకుండుట కవకాశము లేదు. ఇక మన డిగ్రీ కళాశాలలవారికి, రాష్ట్ర ఉన్నతవిద్యామండలి, మొదటి సంవత్సరము ముగిసిన వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టును నిర్ణయించినది.

విధించుట యైనది, జరుగుచున్నదేమి? ఇట్టి కార్యక్రమములను ఈ జిల్లాలోను ఇతర జిల్లాలలోను చాలకాలముగా చూచుచున్న వాడను గనుక, కొంచెము నిష్ఠురముగానే చెప్పుదును. ఉదయము పదిగంటలకు ఊరి బడియొద్ద విద్యార్థులు చేరుదురు. 'పరిశుభ్రత పాటించండి' అను ఫ్లెక్సీని ఇద్దరు చెరియొకకొన పట్టుకొని ముందు నడువగా, మిగిలినవారు నినాదములు చేయుచు, నిండిన డ్రెయిను ప్రక్కనుండియే ఊరేగుదురు. ఛాయాచిత్రము తీయబడును. తరువాత ఇంటింటికి పోయి ప్రశ్నపత్రములు నింపుదురు: కుటుంబములో ఎందరు, మరుగుదొడ్డి కలదా, ఆదాయమెంత. ఆ పత్రములను కట్టగట్టి, నివేదిక వ్రాసి, మార్కులు పుచ్చుకొందురు. ఆ కట్ట కళాశాల బీరువాలో చేరును. మరుసటి వేసవిలో మరియొక తరగతివారు అదే వీధికి పోయి అవే ప్రశ్నలు అడుగుదురు. అడుగగా ఒక గృహిణి, 'నిరుడు చెప్పినదే వ్రాసికొను నాయనా' యనినచో, ఆమెను తప్పుపట్టువాడెవడు? ఇంటి గుట్టు విప్పి చెప్పిన యిల్లాలికి, ఆ చెప్పినదానితో నేమైనదో తెలిసికొను హక్కు కలదు. ఆ హక్కును మనము గుర్తింపనంతవరకు సర్వే యనునది ఊరినుండి ఎత్తుకొనిపోయిన సొత్తే గాని భాగస్వామ్యము కాదు.

నా మనవి యొక్కటియే. ఆ పత్రములు బీరువాకు పోక ఊరనే యుండవలెను. గ్రామసచివాలయమున ఒక పుస్తకము పెట్టి, ప్రతి తరగతివారును ముందటివారు వ్రాసిన చోటునుండి ఆరంభింపవలెను. ఆ వ్రాసినదానిని గ్రామసభలో, ఊరివారు వినునట్లు, విద్యార్థియే లేచి చదువవలెను. ఊరిలో ఇందుకు భాగస్వాములు లేకపోలేదు. ప్రతి గ్రామమునకు ఆరోగ్య పారిశుద్ధ్య సంఘము కలదు. దానికి ఏడాదికి 10,000 రూపాయలు, షరతులు లేని నిధిగా, జాతీయగ్రామీణారోగ్యపథకము ఏర్పరచినది. జలజీవన్ పథకము క్రింద నీటిని పరీక్షించుటకు గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ యీయవలెనని నియమము కలదు. ఆ యైదుగురెవరో, వారియొద్ద పరీక్షపెట్టె యున్నదో లేదో కనుగొనుటయే మొదటి దినపు పని యగుగాక.

వేసవి యనుటలో ఒక యనుకూలము కలదు. డెల్టాలో కాలువలు కట్టివేయునది అప్పుడే. కాలువ కట్టకమునుపు నింపుకొన్న మంచినీటిచెరువు, జూనులో మరల నీరు వదలువరకు ఊరంతటికి ఆధారము. నీరు తరిగినకొలది రంగు మారును, వాసన వచ్చును. కొళాయి చివరనున్న పేటకు ధార సన్నగిలును. విద్యార్థికి సెలవులున్న ఆ నెలలలోనే ఊరికి నీటి గండము. ఊరిలో మొదటి కొళాయియొద్దను, నడిమి కొళాయియొద్దను, చివరి కొళాయియొద్దను వారమున కొకసారి నీరు పట్టి, పరీక్షరసము రెండుచుక్కలు వేసి, క్లోరినున్నదనుటకు పసుపురంగు వచ్చినదో లేదో వ్రాసికొనుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కరలేదు. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను కొళాయిచివర మిగిలియుండవలెనని ప్రమాణము. మొదటి కొళాయిలో పసుపు వచ్చి చివరి కొళాయిలో రాలేదని ఎనిమిది వారముల పట్టిక గ్రామసభలో చదివినచో, అది ఆరోపణ కాదు, లెక్క. ఆ చివరి కొళాయి దాపునున్న యిల్లు టిన్నునీళ్ళకు నెలకెంత వెచ్చించుచున్నదో గూడ ప్రక్కన వ్రాయుడు. అయితే వేసవిలో మాత్రమే పోయినవానికి ఊరి సగము కనబడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు, తరువాత కొల్లేటికి దిగి లంకగ్రామముల దారులను ముంచినది. అట్టి దినములలో గర్భిణి ఆసుపత్రికి ఎట్లు చేరునో మేనెలలో అడిగినవానికి తెలియదు. ఆ 180 గంటలలో కొంతభాగమును వర్షకాలమునకు దాచుకొనుటకు విశ్వవిద్యాలయమువారు అనుమతింపవలెను.

ఇట్టి పట్టిక యెందుకని అడుగువారికి ఏలూరును జ్ఞాపకము చేయుదును. 2020 డిసెంబరు 5న ఒకటవ పట్టణములో ఆరంభించి, కొద్దిదినములలో వందలమంది మూర్ఛతో పడిపోయిరి, ఒకరు మరణించిరి. చాలమంది గంటలలోనే తేరుకొని యింటికి పోయిరి; ఆసుపత్రి తన పని తాను చేసినది. కారణమేమని దేశములోని పెద్దసంస్థలు వచ్చి పరీక్షింపగా, మొదట రక్తములో సీసము, నికెలు కనబడినవి. తరువాత పురుగుమందులమీదికి అనుమానము పోయినది. ఏ వీధివారు ఏ నీరు త్రాగుచున్నారు, కూరగాయలు ఏ సంతనుండి వచ్చుచున్నవి, ఏ పైరుమీద ఏ మందు ఎప్పుడు చల్లబడినది అను ప్రశ్నలను రోగము వచ్చిన తరువాత అడుగుటకును, అప్పటికే వ్రాసియున్న పుస్తకములో చూచుకొనుటకును ఎంత భేదమో ఊహింపుడు. తాడేపల్లిగూడెము దాపున వెంకటరామన్నగూడెములో ఉద్యానవిశ్వవిద్యాలయము కలదు. ఏ పైరుకు ఏ మందు ఎంత చల్లవలెనో శాస్త్రముగా చదువుకొనువారు అక్కడి విద్యార్థులు. వారును, ఏలూరు వైద్యవిద్యార్థులును, ఈ కళాశాలవారును ఒకే యూరిలో ఎన్నడైన కలిసికొందురా? ఒకరికొకరు తెలియకుండ వేరువేరు తేదీలలో ఒకే సర్పంచిగారిచేత శాలువలు కప్పించుకొనిపోవుచున్నారని నా యనుమానము.

ఇక కష్టమైన సంగతి చెప్పి ముగింతును. డ్రెయినులోనికి చేపలచెరువు నీరు వదలినవారెవరో పుస్తకములో వ్రాయవలసి వచ్చినప్పుడు, ఆ చెరువు సర్పంచిగారి బంధువులది కావచ్చును. లేక ఆ విద్యార్థి తండ్రిదే కావచ్చును, అతని కళాశాల రుసుము ఆ చెరువు పట్టుబడి డబ్బుతోనే కట్టబడి యుండవచ్చును. ఇది తేలికైన చిక్కు కాదు. 'నిర్భయముగా సత్యము పలుకుడు' అని వేదికమీదినుండి పలికి దిగిపోవుట నాకు సులభము, ఇంటికి పోవలసినవాడు అతడు. కావున పద్ధతి యొకటి సూచింతును. నిడమర్రు విద్యార్థి గణపవరపు డ్రెయినును, గణపవరపు విద్యార్థి నిడమర్రు డ్రెయినును కొలుచుగాక. పుస్తకములో మనుష్యుల పేర్లు వలదు; తేదీ, చోటు, నీటి రంగు, కొలత, ఆ దినమున తూము తెరచియున్నదా మూసియున్నదా అనునవి చాలును. వ్రాసినవాని సంతకము ప్రక్కన, కళాశాల పక్షమున అధ్యాపకుని సంతకమును, ఊరి పక్షమున ఆ యైదుగురు స్త్రీలలో నొకరి సంతకమును ఉండవలెను. అప్పుడు మాట పడవలసివచ్చినచో ముగ్గురును కలిసి పడుదురు. అధ్యాపకులు ఇందుకు సమ్మతింతురా యని ప్రిన్సిపాలుగారిని ఈ సభలోనే అడుగుచున్నాను.